క్రియాటినిన్ పెరిగితే కొబ్బరినీళ్లు తాగించొచ్చా?

ఈ రోజు మా ఇంట్లో జరిగిందే చెప్తాను.

మా నాన్నకి చాలా ఏళ్లుగా షుగర్. పోయిన ఎండాకాలం టెస్ట్ చేయిస్తే క్రియాటినిన్ 2.6 వచ్చింది. మగవాళ్లలో మామూలుగా 1.3 లోపు ఉండాలి. "ఒంట్లో వేడి చేసింది, రోజూ కొబ్బరినీళ్లు తాగించరా" అంది మా అత్తయ్య. నేనేమో బీపీకి మంచిదని లో సోడియం సాల్ట్ ఆర్డర్ పెట్టాను.

కొన్ని వారాలకి నాన్నకి ఒకటే నీరసం, కాళ్లలో పట్టు లేదు. మళ్లీ టెస్ట్ చేస్తే పొటాషియం 6.2! అది 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. "ఇంకా పెరిగితే గుండెకే ప్రమాదం" అని డాక్టర్ గారు వెంటనే అడ్మిట్ చేశారు.

తప్పెక్కడ జరిగింది? ఒంట్లో ఎక్కువైన పొటాషియంని కిడ్నీలు యూరిన్‌లో పంపేస్తాయి. అవి నీరసపడితే అది రక్తంలోనే ఉండిపోతుంది. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. లో సోడియం సాల్ట్‌లో సోడియం తగ్గించి కలిపేది కూడా పొటాషియం క్లోరైడే. రెండూ మంచివే, కానీ నాన్నకి కాదు.

కోడ్‌లో అయితే లాగ్స్ చూడకుండా ఒక్క లైను మార్చను. నాన్న విషయంలో మాత్రం రిపోర్ట్ చూడకుండా ఉప్పే మార్చేశాను.

అందుకే క్రియాటినిన్ ఒక్కటే చూసి డైట్ మార్చకండి. ఈజీఎఫ్ఆర్, పొటాషియం, ఫాస్ఫరస్, యూరిన్‌లో ఆల్బుమిన్ ఎంతున్నాయో డాక్టర్‌ని అడగండి. పొటాషియం మామూలుగా ఉన్నవాళ్లకి ఇన్ని కట్టుబాట్లు ఉండకపోవచ్చు.

ఇప్పుడు మా ఇంట్లో ఏం చేస్తున్నామంటే, రోజు మొత్తానికి మామూలు ఉప్పే, ఒక్క టీస్పూన్ లోపు. ఆవకాయ, అప్పడాల్లో ఉన్నది కూడా ఆ లెక్కలోదే. కూరగాయలు చిన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి వార్చేస్తాం. అమ్మ ఆ నీళ్లతో చారు పెట్టబోతే ఆపాను, పొటాషియం దిగేది అందులోకే కదా! పప్పు పూర్తిగా మానలేదు, డైటీషియన్ చెప్పినంతే. డయాలసిస్ చేయించుకునేవాళ్లకి ప్రొటీన్ ఇంకా ఎక్కువే కావాలి, వాళ్ల డైట్ వేరు. ఇంకోటి, మోకాళ్ల నొప్పులకి మెడికల్ షాపులో అడిగి పెయిన్ కిల్లర్ తెచ్చుకోవడం బంద్. వాటిలో చాలావరకు కిడ్నీలని ఇంకా దెబ్బతీస్తాయి.

నాన్న ఇప్పుడు బాగున్నారు. పొటాషియం 4.7. క్రియాటినిన్ పెద్దగా తగ్గలేదు, కానీ పెరగలేదు. మాకదే పెద్ద విషయం.

ఈ వీడియో మీ ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టండి. కొబ్బరినీళ్ల సలహా వచ్చేది అక్కడి నుంచే కదా! ఉంటాను మరి, బై.