నమాజూ నడవడీ ఒకటే పాఠం
చిన్నపిల్లలకు ఇస్లాం పరిచయం: స్మారకోపన్యాసం

ఖుర్‌ఆన్‌ను తెలుగులోకి తెచ్చిన చిలుకూరి నారాయణరావుగారిని ఈ వేదిక మీద ముందుగా తలచుకోవడం ధర్మం. అనంతపురం దత్తమండల కళాశాలలో తెలుగు బోధించి, ఆంధ్ర భాషా చరిత్ర రాసిన ఆ పండితుడు ముస్లిం కాదు. అయినా పొరుగువారి పవిత్ర గ్రంథాన్ని తెలుగువాళ్లు తెలుగులో చదువుకోవాలని ఆ బరువు తలకెత్తుకున్నారు. పెద్దలకోసం ఆయన చేసిన పనిని పసివాళ్లకోసం మనం కొనసాగించవలసి ఉంది. ఐదారేళ్ల పిల్లలకు ఇస్లాం మూలవిశ్వాసాలను, ఆచరణను ఎలా పరిచయం చేయాలన్నది నేటి విషయం. నేను చెప్పదలచింది ఒక్కటే: ఆరాధనను, తోటి మనిషితో నడుచుకునే తీరును విడదీయకుండా, ఇంటి భాషలో చెప్పాలి. విడదీసి చెబితే పిల్లల దగ్గర కంఠతా పట్టిన శబ్దమూ, కొంత భయమూ తప్ప మరేమీ మిగలవు.

గ్యారేజీలు, వర్క్‌షాపులు, గోదాములు, కార్మికుల క్యాంపులతో నిండిన ఈ షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో పిల్లల చదువు గురించి మాట్లాడటం వింతగా అనిపించవచ్చు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి వచ్చి క్యాంపుల్లో ఉంటున్నవారి పిల్లలు ఊళ్లోనే ఉన్నారు. నాన్న వాళ్లకు బోటిమ్ వీడియో కాల్‌లో కనిపిస్తాడు. కుటుంబాన్ని తెచ్చుకోగలిగినవారు రోలాలోనో, అల్ నహ్దాలోనో, పక్కనున్న అజ్మాన్‌లోనో ఇల్లు చూసుకుంటారు. అజాన్ (నమాజు పిలుపు) మాత్రం ఈ పిల్లలందరికీ వినబడుతుంది. ఇక్కడి పిల్లలకు కిటికీలోంచి, ఊళ్లో పిల్లలకు ఫోన్‌లో నాన్న మాటల వెనకనుంచి. శుక్రవారం మసీదు నిండిపోయి, బయట చాపలూ అట్టముక్కలూ పరుచుకొని మనుషులు భుజం భుజం కలిపి నిలబడటం చూస్తారు. ఎవరిని పిలుస్తున్నారు, ఎందుకు వంగుతున్నారు అని అడుగుతారు. ఎమిరేట్స్ బడుల్లో ముస్లిం విద్యార్థులకు ఇస్లామిక్ విద్య తప్పనిసరి పాఠమే. కానీ ఆ పాఠం తెలుగులో ఉండదు. ఊరి మక్తబ్‌లో (మతపాఠశాలలో) చాలాచోట్ల ఉర్దూలో చెబుతారు. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల పిల్లలకు బడి భాషా, మక్తబ్ భాషా రెండూ పరాయివే. పిల్లలు తెలుగులో అడిగిన ప్రశ్నకు తెలుగులో జవాబు చెప్పేవాళ్లు కరవయ్యారు.

ఆ జవాబు ఎక్కడ మొదలుపెట్టాలో ఖుర్‌ఆనే చూపిస్తుంది. 31వ సూరాలో (అధ్యాయంలో) లుక్మాన్ అనే జ్ఞాని కొడుకును దగ్గర కూర్చోబెట్టుకొని బుద్ధులు చెబుతాడు. దేవుడొక్కడే, ఆయనకు సాటి ఎవరినీ కల్పించవద్దు అన్నది మొదటి మాట. తల్లిదండ్రుల పట్ల కృతజ్ఞత, ఆవగింజంత పనైనా దేవుని ఎరుకలో ఉంటుందన్న సంగతి, నమాజు, ఓర్పు, మనుషుల ముందు గర్వంగా మొహం తిప్పుకోకపోవడం, నడకలో అణకువ, చివరికి గొంతు తగ్గించి మాట్లాడటం వరుసగా వస్తాయి. ఏకేశ్వర విశ్వాసంతో మొదలైన పాఠం మాటతీరు దగ్గర ముగిసింది. 107వ సూరా ఇంకా సూటిగా ఉంటుంది. ఏడే వాక్యాల ఆ సూరా, అనాథను తోసేసేవాణ్ణి, పొరుగువారికి చిన్నపాటి సాయం కూడా నిరాకరిస్తూ పైకి చూపుకోసం నమాజు చేసేవారిని గట్టిగా మందలిస్తుంది. ఆరాధననూ నడవడినీ విడదీయకూడదన్న నా వాదానికి ఇంతకంటే పెద్ద ఆధారం అక్కర్లేదు.

ఇక ఆచరణ సంగతి. నమాజుకు ముందు చేసే వుజూనే తీసుకోండి. మణికట్టు వరకు చేతులు కడుక్కోవడం, నోరు పుక్కిలించడం, ముక్కు శుభ్రం చేసుకోవడం, ముఖం, మోచేతుల వరకు చేతులు, తడిచేత్తో తల తుడుచుకోవడం, చీలమండల వరకు కాళ్లు. పిల్లలకు ఇది ఆటంత ఇష్టంగా ఉంటుంది. అక్కడే ఒక మాట చేర్చాలి: పారే నది ఒడ్డున ఉన్నా నీళ్లు వృథా చేయవద్దని ప్రవక్త చెప్పినట్టు హదీసు (ఆయన మాటల, చేతల కథనం) ఉంది. కుళాయి కట్టేసే చెయ్యి కూడా ఆరాధనలో భాగమని అప్పుడు తెలుస్తుంది. వరుసలో నిలబడ్డప్పుడు సూపర్‌వైజరు పక్కన హెల్పరు ఎందుకు నిలబడతాడో చెప్పాలి. రోజా (ఉపవాసం) అంటే ఆకలి ఏమిటో తెలుసుకోవడమని చెబుతూ, రంజాన్‌లో ఇక్కడి ఇఫ్తార్ (ఉపవాస విరమణ) టెంట్లు చూపించాలి. ఖర్జూరాలు, నీళ్ల సీసా, లబన్ (మజ్జిగ), బిర్యానీ పళ్లెం ముందు పెట్టుకొని అజాన్‌కోసం ఎదురుచూసే వరుసలో నీ మతమేమిటని ఎవరూ అడగరు. జకాత్ గురించి చెప్పేటప్పుడు లెక్క చెప్పాలి: ఒక పరిమితికి మించి ఏడాదిపాటు నిలిచిన సంపదలో 40 వంతుల్లో ఒక వంతు పేదలది, అది వారి హక్కు. హజ్ అన్నది శక్తి ఉన్నవారు జీవితంలో ఒక్కసారి చేసే యాత్ర అనీ, అక్కడ మగవారంతా కుట్టులేని తెల్లబట్టల్లో ఒక్కలాగే ఉంటారనీ చెబితే ఈ వయసుకు చాలు.

దీనికి పెద్దల నుంచి వచ్చే మొదటి అభ్యంతరం ఇది: ముందు అరబ్బీ అక్షరాలు, సూరాలు నోటికి రావాలి, అర్థం తర్వాత తెలుస్తుంది. నమాజులో పఠించేది అరబ్బీలోనే, అందులో వాదం లేదు. ఏ దేశపు ముస్లిం అయినా ఏ మసీదులోనైనా ఒకే వరుసలో నిలబడగలగడం ఆ భాష చలవే. కానీ అర్థాన్ని వాయిదా వేయడంపై ఇస్లామీయ పండితులే ఎప్పుడో ప్రశ్న లేవనెత్తారు. 1332లో ట్యునిస్‌లో పుట్టిన ఇబ్న్ ఖల్దూన్ తన ‘ముఖద్దిమా’ గ్రంథంలో వివిధ ప్రాంతాల బోధనా పద్ధతులను పోల్చి చూశాడు. ముందు భాష, కవిత్వం, లెక్కలు నేర్పి ఆ తర్వాత ఖుర్‌ఆన్‌కు రావాలనీ, లేకపోతే పిల్లవాడు తనకు అర్థంకానిది చదువుతాడనీ అన్న అండలూసియా పండితుడు అబూబక్ర్ ఇబ్నుల్ అరబీ సూచనను మెచ్చుకున్నాడు. సమాజపు అలవాటు దానికి అనుకూలంగా లేదనీ ఒప్పుకున్నాడు. కంఠస్థాన్ని మానమని నేననడం లేదు. నాలుగే వాక్యాలున్న 112వ సూరాను పిల్లలు అరబ్బీలో వల్లెవేసిన రోజే, దేవుడొక్కడే, ఆయన ఎవరికీ పుట్టలేదు, ఆయనకు ఎవరూ పుట్టలేదు అన్న భావం తెలుగులో విననివ్వమంటున్నాను.

రెండో అభ్యంతరం క్రమశిక్షణ గురించి. ఏడేళ్లకు నమాజు చేయమని చెప్పాలి, పదేళ్లకు మానితే దండించాలి అన్న హదీసును చూపి, భయం లేనిదే భక్తి రాదంటారు. ఆ హదీసు ఏడుకూ పదికీ మధ్య మూడేళ్ల ఓపికను పెద్దలమీద పెడుతోంది. ఏడేళ్లలోపు పసివాళ్ల ఊసు అందులో లేదు. రోజా కూడా యుక్తవయసు వచ్చేదాకా విధి కాదు. ప్రవక్త స్వయంగా ఎలా ఉన్నారో హదీసులే చెబుతున్నాయి. మనవరాలు ఉమామాను ఎత్తుకొని నమాజు చేశారు. వెనక వరుసల్లో పసిబిడ్డ ఏడిస్తే తల్లి ఇబ్బంది పడుతుందని నమాజు త్వరగా ముగించారు. పదేళ్లు ఆయన దగ్గర పనిచేసిన అనస్, తనను ఒక్కసారి కూడా విసుక్కోలేదని చెప్పాడు. కఠినంగా దండించిన పిల్లలకు అబద్ధమాడటం, దాచుకోవడం అలవాటవుతాయని ఇబ్న్ ఖల్దూన్ కూడా హెచ్చరించాడు.

మూడోది ఇతర మతాల తల్లిదండ్రుల సందేహం: మా పిల్లలకు ఇదంతా ఎందుకు, మనసు మారదా? తెలుసుకోవడం వేరు, స్వీకరించడం వేరు. మతంలో బలవంతం లేదన్నది ఖుర్‌ఆన్ రెండో సూరాలోని మాటే. తెలంగాణ పల్లెల్లో పీర్లను ఎత్తుకునే చేతులు, నెల్లూరు రొట్టెల పండుగలో రొట్టెలు మార్చుకునే చేతులు అన్ని మతాలవీ. ఆ పండుగలు ఇస్లాం మూలవిశ్వాసాల్లో భాగం కావనే ముస్లింలు ఉన్నారన్నదీ పిల్లలకు నిజాయితీగా చెప్పాలి. పండుగ తెలిసినంతమాత్రాన విశ్వాసం తెలిసినట్టు కాదు. తెలియనిచోట వదంతి కూర్చుంటుంది. చిన్నప్పుడే సరైన మాట విన్నవాళ్లు పెద్దయ్యాక వదంతిని నమ్మరు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం పిల్లలే లేవనెత్తుతారు: ఐదు పూటలా నమాజు చేసే మనిషే జీతం ఎందుకు ఆపుతాడు? ఈ ప్రాంతంలో ఆ ప్రశ్నను తప్పించుకోలేం. కూలివాని చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న హదీసును అప్పుడు చెప్పాలి. ఆ మనిషి చేసింది అతని మతం ప్రకారమే తప్పు అని స్పష్టంగా అనాలి. మతాన్ని కాపాడాలని తప్పును కప్పిపుచ్చితే పిల్లలు మతాన్నీ, మన మాటనూ కూడా నమ్మరు.

కాబట్టి నా విన్నపాలు మూడు. క్యాంపుల్లో ఉన్న తండ్రులు వారానికి ఒక్క కాల్‌లోనైనా డబ్బు సంగతులు పక్కనపెట్టి పిల్లల ఈ ప్రశ్నలకు తెలుగులో జవాబివ్వండి. ఇక్కడ పిల్లలున్నవారు, మీరు ఏ మతంవారైనా సరే, సెలవు రోజున షార్జా కార్నిష్ (తీరపు రోడ్డు) మీది ఇస్లామీయ నాగరికతా మ్యూజియానికి తీసుకెళ్లండి. 2008లో ప్రస్తుత భవనంలో మొదలైన ఈ మ్యూజియంలో ఇస్లాం ఐదు మూలస్తంభాలైన విధులను, వాటిలో హజ్‌ను వివరించే ప్రదర్శనశాల ఉంది. రచయితలు, సంఘాల పెద్దలు బొమ్మలతో, పెద్ద అక్షరాలతో, తప్పుల్లేని చిన్న తెలుగు పుస్తకాలు రాయించండి, అచ్చు వేయించండి. రాసినవారు ప్రతి పుటనూ ఒక మౌల్వీకీ, ఒక తల్లికీ చూపించాకే ప్రెస్సుకు పంపండి.