సముద్రంలో విహారం: రిసార్టు ప్యాకేజీయా, సొంత ఏర్పాటా?

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షనర్ల సభలో స్కూబా డైవింగు గురించి ప్రసంగమేమిటని కొందరు ముసిముసిగా నవ్వుకుంటున్నట్టున్నారు. నవ్వండి, తప్పులేదు. కానీ మన పిల్లలు, మనుమలు ఇప్పుడు వీపున సిలిండరు కట్టుకుని సముద్రంలోకి దిగుతున్నారు. "మీరూ అమ్మా కూడా రండి" అని మనల్నీ వెంటబెట్టుకు వెళుతున్నారు. ఖర్చులో మన వాటా కూడా ఉండే ఇళ్ళు కొన్ని. కాబట్టి విషయం మనకూ తెలియాలి.

మా అమ్మాయి, అల్లుడు, పదమూడేళ్ళ మనుమరాలు డైవింగు నేర్చుకున్నారు. మేమిద్దరం గట్టున కూర్చునేవాళ్ళం. ఐదుగురం కలిసి మాల్దీవులకు రెండుసార్లు వెళ్ళాం. మొదటిసారి అన్నీ కలిపిన రిసార్టు ప్యాకేజీ. రెండోసారి టిక్కెట్లు, బస, పడవ, డైవింగు వేటికవి విడిగా మేమే కుదుర్చుకున్నాం. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచిన మాటలు మీ ముందుంచుతాను.

ముందు ఆ దేశం సంగతి. మాల్దీవుల్లో సుమారు 1,200 చిన్న చిన్న దీవులున్నాయి. వాటిలో ప్రజలు నివసించేవి 200 లోపే. 1972లో రాజధాని మాలె దగ్గరి ఒక దీవిలో కురుంబా అనే మొదటి రిసార్టు పెట్టారు. అప్పటినుంచి ఒక దీవికి ఒక రిసార్టు అన్న పద్ధతి నడిచింది. యాత్రికులు ఒక దీవిలో, ప్రజలు మరొక దీవిలో. 2009 తర్వాత నిబంధనలు సడలడంతో ఊళ్ళున్న దీవుల్లో కూడా గెస్ట్‌హౌసులు వెలిశాయి. మాఫుషి, ధిగురా వంటివి అలా పేరుకెక్కినవే. సొంత ఏర్పాట్లతో వెళ్ళేవారికి దారి తెరుచుకున్నది అప్పుడే.

ఇక "ఆల్ ఇన్‌క్లూజివ్" అన్న మాట. అన్నీ కలిపి అని అర్థం. అన్నీ అంటే ఏవేవి అన్నది కాగితం మీద చూసుకోవాలి. సాధారణంగా గది, మూడు పూటలా భోజనం, పానీయాలు కలుస్తాయి. డైవింగు చాలాచోట్ల కలవదు. కలిసినా సూటు, రెగ్యులేటరు వంటి సామగ్రి అద్దె, పడవ ఖర్చు వేరుగా ఉండవచ్చు. ఆ పానీయాల్లో మద్యం కూడా ఉంటుంది. మా ఇంట్లో అలవాటు లేదు. తాగని మందుకు కూడా ధర కట్టడమెందుకు? అటువంటివారు భోజనం మాత్రమే కలిసే "ఫుల్ బోర్డు" ధర అడిగితే సరిపోతుంది.

రెండోది పన్నులు. 10 శాతం సర్వీసు ఛార్జీ ఉంటుంది. దానిమీద పర్యాటక పన్ను, 2025 జూలై నుంచి 17 శాతం. అంటే 100 డాలర్ల బిల్లు ముందు 110 అవుతుంది, ఆపైన 128 డాలర్ల 70 సెంట్లు అవుతుంది. ఇదికాక తలకు రోజుకు ఇంత అని "గ్రీన్ టాక్స్" ఉంది. 2025 జనవరి నుంచి రిసార్టుల్లో 12 డాలర్లు, 50 గదులు మించని గెస్ట్‌హౌసుల్లో 6 డాలర్లు. ఐదుగురు ఆరు రాత్రులుంటే అక్కడ 360, ఇక్కడ 180. పత్రికల్లో వేసే ధరలో ఇవి కలిశాయో లేదో అడిగి తెలుసుకోండి. రిసార్టుకు చేరే స్పీడ్‌బోటు ఖర్చు, సీప్లేను ఖర్చు కూడా అలాగే అడగాలి. సీప్లేన్లు పగటిపూటే నడుస్తాయి. మన విమానం పొద్దుపోయాక దిగితే ఆ రాత్రి మాలె పరిసరాల్లో గది తీసుకోక తప్పదు.

మూడోది రోజుల లెక్క. ఇది మన ఆరోగ్యానికి సంబంధించినది గనుక కొంచెం వివరంగా చెబుతాను. డైవరు వీపున ఉండేది ఆక్సిజన్ అని చాలామంది అనుకుంటారు. మామూలుగా వాడేవాటిలో ఉండేది మనం పీల్చే గాలే, ఒత్తిడితో కూరినది. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. ఆ ఒత్తిడికి గాలిలోని నత్రజని రక్తంలో, కండరాల్లో కరుగుతుంది. గోళీసోడాలో గ్యాసు కరిగి ఉన్నట్టే. గోళీ నొక్కగానే ఏమవుతుందో మనకు తెలుసు. మనిషి కూడా నీటిలోనుంచి వేగంగా పైకి వచ్చినా, పైకి వచ్చిన వెంటనే విమానమెక్కినా ఒంట్లో బుడగలు ఏర్పడే ప్రమాదముంది. అందుకే ఒకే ఒక్క డైవ్ చేసినవారు కనీసం 12 గంటలు, వరుసగా డైవ్‌లు చేసినవారు కనీసం 18 గంటలు ఆగి విమానమెక్కాలని నిపుణుల సూచన. 24 గంటలు ఆగమనే డైవ్ సెంటర్లు చాలా ఉన్నాయి. సీప్లేను కూడా విమానమే అని మరువకండి.

దీన్నిబట్టి ఏడు రోజుల ప్యాకేజీలో వచ్చిన రోజు పోయింది, తిరిగి వెళ్ళే ముందు రోజు చాలావరకు పోయింది, వెళ్ళే రోజు పోయింది. మిగిలేది నాలుగు, మహా అయితే ఐదు రోజులు. "వారమంతా ఎన్నిసార్లయినా దిగవచ్చు" అన్న ప్రకటనను ఈ లెక్కతో భాగించి చూడండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మొదటి ప్రయాణంలో ముగ్గురికీ తలా పది డైవ్‌లకు ముందే సొమ్ము కట్టాం. వాడుకోకపోతే తిరిగి ఇవ్వరు. మూడోరోజుకు మనుమరాలికి జలుబు చేసింది. జలుబుంటే చెవిలోని ఒత్తిడి సరిచేసుకోవడం కుదరదు. బలవంతంగా దిగితే కర్ణభేరికి దెబ్బ తగలవచ్చు. "డబ్బు కట్టేశాం కదా మామయ్యగారూ, నెమ్మదిగా దించుతాను" అన్నాడు మా అల్లుడు. మంచివాడే, పిల్ల సరదా పోతుందని అన్నాడు. మా ఆవిడ మాత్రం ఒప్పుకోలేదు. "పోతే పోనీ బాబూ, చెవి మళ్ళీ కొనుక్కోగలమా?" అంది. అతను మరి మాట్లాడలేదు. పిల్ల ఆరు డైవ్‌లు ఊరికే పోయాయి. రెండో ప్రయాణంలో ఏ రోజు దిగితే ఆ రోజుకే డబ్బు. అల్లుడికి ఒకపూట ఒంట్లో నలతగా ఉంటే గదిలో పడుకున్నాడు. ఎవరూ ఒక్క మాట అనవలసిన అవసరం రాలేదు.

ముందుగా కట్టిన సొమ్ము మనిషిని నీటిలోకి నెట్టకూడదు. నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే. ఇంట్లో అందరూ ఆరోగ్యవంతులై, రోజూ రెండుమూడుసార్లు దిగేవారైతే ముందుగా కట్టే ప్యాకేజీ చవక పడుతుంది. పిల్లలున్నా, కొత్తవారున్నా, ఆరోగ్యం విషయంలో సందేహమున్నా దిగినదానికే డబ్బిచ్చే పద్ధతి మేలు. రిసార్టుకే వెళ్ళినా, గది ఒక బేరం, డైవింగు మరొక బేరం చేసుకోవచ్చు.

డైవింగుకు ముందు ఆరోగ్య ప్రశ్నావళి ఇస్తారు. 45 ఏళ్ళు దాటినవారిని రక్తపోటు, కొలెస్టరాలు, పొగతాగే అలవాటు, కుటుంబంలో గుండెజబ్బుల గురించి అడుగుతారు. ఒక్కదానికి "అవును" అని రాసినా డాక్టరు సంతకం కావాలి. చిన్న దీవిలో డాక్టరు కోసం వెతుక్కోవడం కష్టమని, బీపీ మాత్రలు వేసుకునేవారు కూడా "లేదు" అని గీత గీసేస్తుంటారు. ఆ గీత గుండెకు తెలియదు. బయలుదేరే ముందే మన ఊళ్ళో డాక్టరుకు చూపించి, సంతకం చేయించుకుని వెళ్ళాలి. ఇంటిపెద్దలుగా మనం పట్టుబట్టవలసినది ఇక్కడే. డైవింగుకు వయోపరిమితి పైన లేదు గనుక మనలో ఎవరికైనా దిగాలని ఉబలాటముంటే వారికీ ఇదే మాట.

మామూలు ప్రయాణ బీమాలో స్కూబా ప్రమాదాలు కలవకపోవచ్చు. పాలసీ చదవండి. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అనే సంస్థ డైవర్ల కోసమే ప్రత్యేకంగా బీమా ఏర్పాటు చేస్తుంది. నీటి ఒత్తిడి జబ్బుకు చికిత్స చేసే ఛాంబరు దగ్గరలో ఎక్కడుందో, అక్కడికి ఎలా చేరుస్తారో డబ్బు కట్టకముందే అడగండి.

ఇక గట్టున కూర్చునే మనబోటివాళ్ళ సంగతి. సుఖం మాటకొస్తే రిసార్టుదే పైచేయి. నడవలేనివారికి బగ్గీ బండి, కొన్నిచోట్ల డాక్టరు, శాకాహారులకు పదిరకాల వంటకాలు. అయితే నాలుగోరోజుకు ఆ దీవిని ఎన్నిసార్లు చుట్టామో లెక్క తప్పింది. గెస్ట్‌హౌస్ ఉన్న ఊళ్ళో మాత్రం పొద్దున్నే చేపల పడవలు రావడం, పిల్లలు బడికి పోవడం చూస్తూ కూర్చున్నాం. వాళ్ళు పడవను "ధోని" అంటారు. మన "దోనె" గుర్తుకు వచ్చి మా ఆవిడకు ముచ్చట వేసింది. అక్కడ చేప, కొబ్బరి ముఖ్యాహారం. శాకాహారులు ముందే చెబితే అన్నం, పప్పు వండిపెట్టారు. వాళ్ళ రొట్టెను "రోషి" అంటారు, మన చపాతీలాంటిదే. మోకాళ్ళ నొప్పులున్నవారు ఒక్కటి గమనించాలి. ఊగుతున్న పడవలోకి రేవుమీదనుంచి కాలు వేయాలి. చేయి అందించేవారుంటారుగాని, అది తేలిక కాదు.

ఆచారాలు కూడా తెలుసుకుని వెళ్ళాలి. అది ముస్లిం దేశం. ఊళ్ళున్న దీవుల్లో మద్యం ఉండదు. ఒంటినిండా బట్టలు ఉండాలి. ఈత దుస్తులతో తిరగడానికి వేరే బీచి కేటాయిస్తారు. శుక్రవారం సెలవు, ప్రభుత్వ ఫెర్రీలు ఆరోజు చాలావరకు నడవవు. పూజకు వాడే విగ్రహాలను దేశంలోకి తీసుకురావడం నిషిద్ధం. చిన్న వెంకటేశ్వరస్వామి విగ్రహం సంచిలో పెట్టుకునే అలవాటున్నవారు ఇంట్లోనే ఉంచి దణ్ణం పెట్టుకుని బయలుదేరండి. మందులకు డాక్టరు చీటీ వెంట ఉంచుకోండి.

ఏం చూడాలన్నదాన్నిబట్టి కూడా ఎంపిక మారుతుంది. తిమింగల సొరచేపల కోసం దక్షిణ అరి అటాల్‌కు వెళ్ళేవారికి అక్కడ రిసార్టులూ ఉన్నాయి, ధిగురాలో గెస్ట్‌హౌసులూ ఉన్నాయి. పులి సొరచేపలకు పేరుపొందిన ఫువాముల్లాలో బస ఊళ్ళోనే. అది అనుభవమున్నవారికే తగిన చోటు. బా అటాల్‌లోని హనిఫారు దగ్గర మాంటా చేపలు గుంపులుగా వచ్చే కాలం జూన్ నుంచి నవంబరు దాకా. అక్కడ సిలిండరుతో దిగనివ్వరు, ముఖానికి మాస్కు పెట్టుకుని పైన ఈదుతూ చూడవలసిందే. సముద్రం సాధారణంగా నిదానంగా ఉండి, వానలు తక్కువగా ఉండేది డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు. ధరలు ఎక్కువగా ఉండేది కూడా అప్పుడే.

పాస్‌పోర్టు గొడవ వద్దనుకునేవారికి మన అండమాన్ ఉంది. హేవ్‌లాక్ దీవికి 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు. పోర్టుబ్లెయిరుకు 2024లో శ్రీవిజయపురం అని పేరు పెట్టారు. అక్కడినుంచి పడవలో వెళ్ళాలి. బస ఒకచోట, డైవింగు మరొకచోట కుదుర్చుకునే పద్ధతి అక్కడ మామూలే. శ్రీవిజయపురంలో తెలుగువారు చాలామంది స్థిరపడి ఉన్నందున మనకు కొత్త అనిపించదు. మొదటిసారి వెళ్ళే కుటుంబానికి ఇది మంచి ఆరంభమని నా అభిప్రాయం.

చివరిగా ఒక్క విన్నపం. మీ పిల్లలు ఈసారి ప్యాకేజీ కాగితాలు తెచ్చి చూపిస్తే, ముందు ధర చూడకండి. దిగేవారెందరు, గట్టున ఉండేవారెందరు, నిజంగా డైవింగుకు మిగిలే రోజులెన్ని, దిగని రోజు డబ్బు తిరిగి ఇస్తారా అని నాలుగు ప్రశ్నలు అడగండి. వాటికి జవాబులు రాసుకున్నాక రిసార్టా, గెస్ట్‌హౌసా అన్నది మీ ఇంటివాళ్ళే తేల్చుకోగలరు. డాక్టరు సంతకం సంగతి మాత్రం మీరే చూసుకోండి.