భుజం మార్చుకోవాలి



కాలేజీల్లో ఎన్.సి.సి. తప్పనిసరి అయిన రోజులవి. 1967 క్యాంపులో వీపున సంచి, భుజాన నాలుగు కిలోల త్రీనాట్‌త్రీ రైఫిలుతో రూట్‌మార్చ్ చేశాం. సంచి పట్టీ మీద రైఫిలు స్లింగు నిలవక జారుతుండేది. భుజం ఎగబట్టి నడిచాను. చెయ్యి తిమ్మిరెక్కినా నామోషీతో చెప్పలేదు. చివరికి రైఫిలు రోడ్డున పడింది.

హవల్దారుగారు తిట్టలేదు. సంచిలో బరువైనవి వీపుకు ఆనేలా సర్ది, పట్టీలు, స్లింగు సరిచేసి, నొప్పి రాకముందే భుజం మార్చుకోమన్నారు. మిగతా దారి తేలిగ్గా నడిచాను.

మూడేళ్ళ క్రితం నా భార్య కాలం చేసింది. ఆ బరువునూ పంటి బిగువున మోశాను. పిల్లలతో చెప్పుకోవడానికి ఏడాది పట్టింది.

మిత్రులారా, తిమ్మిరెక్కేదాకా ఆగకండి. సెలవు.