బడి రిజిస్టరులో లేని ఊళ్లు: కూచ్‌బిహార్ సరిహద్దు గాథ
(ప్లాటినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లవానిని బడిలో చేర్చునప్పుడు మొదట అడిగేవి రెండే: తండ్రి పేరేమి, ఊరి పేరేమి? ఈ రెండింటికీ నిజం చెప్పలేని తల్లిదండ్రులు భారత, బంగ్లాదేశ్ సరిహద్దున 2015 వరకు వేల సంఖ్యలో ఉండేవారు. వారి గ్రామం ఒక దేశానిది, దాని చుట్టూ ఉన్న నేల మరొక దేశానిది. సొంత దేశపు బడికి పోవాలంటే పరాయి దేశం దాటాలి. అందువల్ల పొరుగు గ్రామంలోని పరిచితుని తండ్రిగా రాయించి బిడ్డను చదివించుకొన్నవారు ఎందరో. ఆ ఊళ్లను అక్కడివారు ఛిట్‌మహళ్లు అంటారు.

కూచ్‌బిహార్ రాజు, రంగపురం ఫౌజుదారు చదరంగమాడి గ్రామాలను పణంగా ఒడ్డినారని ఒక కథ ప్రచారంలో ఉన్నది. అది కథ మాత్రమే. అసలు కారణం 1713 నాటి సంధి. మొగలు సేనలు కూచ్‌బిహార్ రాజ్యపు దక్షిణ భాగాలను ఆక్రమించిన పిమ్మట ఆ సంధి కుదిరినది. అయితే మొగలులకు పోయిన ప్రాంతంలో కొందరు కూచ్ జమీందారులు తమ భూములు వదలలేదు. కూచ్‌బిహార్‌లో నిలిచిపోయిన కొందరు మొగలు సైనికులూ వదలలేదు. ఎవరి శిస్తు వారి ప్రభువుకే చెల్లినది. 1765లో బెంగాల్ దివానీ ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చినది. 1773 ఒడంబడికతో కూచ్‌బిహార్ కంపెనీకి సామంతమైనది. భూమి ముక్కలు మాత్రం అట్లే నిలిచినవి. నాడు వాటి వలన ఎవరికీ కష్టం లేదు. సంతకు పోయేవానిని ఆపేవారు లేరు.

కష్టం 1947లో మొదలైనది. సరిహద్దు సంఘాల అధ్యక్షుడైన సర్ సిరిల్ రాడ్‌క్లిఫ్ ఆ ఏడు జూలై 8న తొలిసారి భారతదేశంలో అడుగుపెట్టినాడు. ఆయనకు లభించిన గడువు ఐదు వారాలు. నేల మీద సర్వే చేయించే వ్యవధి లేదు. జనాభా లెక్కలను, జిల్లా పటాలను, ఠాణాల హద్దులను ముందుంచుకొని గీత నిర్ణయించినాడు. ఆగస్టు 17న, అనగా స్వాతంత్ర్యం వచ్చిన రెండు దినాలకు, ఆ తీర్పు వెల్లడైనది. సంస్థానమైన కూచ్‌బిహార్ ఆయన పరిధిలో లేదు. అది 1949లో భారతదేశంలో కలిసినది. దానితో పాత శిస్తు హద్దులు రెండు దేశాల హద్దులైనవి.

తీర్పులోని వర్ణన పటంతో సరిపోలక బేరుబారి యూనియన్ పైనా వివాదం లేచినది. దానిని చెరిసగం చేయుటకు 1958లో నెహ్రూ, ఫిరోజ్ ఖాన్ నూన్ అంగీకరించినారు. దేశ భూభాగాన్ని వదలుకొనుటకు రాజ్యాంగ సవరణ అవసరమని 1960లో సుప్రీంకోర్టు తెలిపినది. 1974 మే 16న ఇందిరాగాంధీ, షేక్ ముజిబుర్ రహమాన్ కొత్త ఒప్పందం చేసినారు. దక్షిణ బేరుబారి భారతదేశానికి, దహగ్రాం, అంగర్‌పోతా బంగ్లాదేశ్‌కు ఉండాలని, ఆ రెండింటికి దారిగా తీన్‌బిఘా అనే చిన్న నేలను కౌలుకివ్వాలని నిర్ణయమైనది. ఆ దారి పొడవు 178 మీటర్లు, వెడల్పు 85 మీటర్లు. అంత చిన్న దారి తెరుచుకొనుటకు 1992 వరకు పట్టినది.

తక్కిన గ్రామాల మార్పిడికి ఇంకా ఆలస్యమైనది. భారతదేశం ఇవ్వవలసినవి 111 ఛిట్‌మహళ్లు, సుమారు 17,160 ఎకరాలు. రావలసినవి 51, సుమారు 7,110 ఎకరాలు. పదివేల ఎకరాలు నష్టపోతామా అన్నది అభ్యంతరం. కాని ఆ ఎకరాలలో భారత ప్రభుత్వపు బడి లేదు, ఆసుపత్రి లేదు, పోలీసు ఠాణా లేదు. పటంలో ఉన్న భూమి పాలనలో లేదు.

2011లో ఇరు దేశాల వారు కలిసి ఇంటింటికీ తిరిగి జనాన్ని లెక్కించినారు. 51 వేల పైచిలుకు మనుష్యులు తేలినారు. 2015లో పార్లమెంటు నూరవ రాజ్యాంగ సవరణను ఆమోదించినది. జూలై 31 అర్ధరాత్రి గ్రామాలు మారినవి. ఏ దేశపు పౌరులుగా ఉండాలో ఎంచుకొనే హక్కు ప్రజలకు ఇచ్చినారు. భారతదేశంలో కలిసిన గ్రామాల నుండి ఒక్కరూ బంగ్లాదేశ్‌కు పోలేదు. అటువైపు నుండి వెయ్యికి లోపు మంది మాత్రమే భారతదేశానికి తరలినారు. అత్యధికులు పుట్టిన నేలనే కోరుకొన్నారు.

గీతకు అవతల మిగులుట అంటే ఏమో తెలుగువారికి కొంత తెలుసు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు, 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు ఎన్నో తెలుగు కుటుంబాలు ఇతర రాష్ట్రాలలో నిలిచినవి. అయితే వారి పౌరసత్వం పోలేదు. కష్టపడి బడి పెట్టుకొన్నారు, తమ భాషలో పిల్లలకు అక్షరాభ్యాసం చేయించుకొన్నారు. ఛిట్‌మహళ్ల వారికి ఆ పాటి అవకాశమైనా అరువది ఎనిమిదేండ్లు దొరకలేదు.

సంధి రాసినవారు రాజులు, పటం గీసినవారు అధికారులు. వారి పొరపాటుకు మూల్యం చెల్లించినది బడి ఈడు పిల్లలు. నేడు అక్కడి బిడ్డ తన కన్నతండ్రి పేరునే చెప్పి బడిలో చేరవచ్చును. ఈ పాఠశాల రిజిస్టరులో తమ పేరు, తండ్రి పేరు, ఊరి పేరు నిజంగా రాయించుకొన్న ప్రతి ఒక్కరూ ఆ మూడు మాటల విలువను ఒకసారి తలచుకొందురు గాక.

స్వస్తి.