పక్కింటి గంజాయి పొగ – మన బాధ్యత
(సొసైటీ వార్షిక సమావేశంలో ఉపాధ్యాయుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్.



ఏటా ఈ సభలో మేము పిల్లల మార్కుల గురించి, ఫీజుల గురించి, మీరిచ్చిన స్కాలర్‌షిప్‌ల గురించి మాట్లాడతాము. ఈసారి ఒక పొగ గురించి మాట్లాడవలసి వస్తోంది. తల్లిదండ్రుల సమావేశాల్లో అందరూ వెళ్లిపోయాక ఒకరిద్దరు తల్లులు వెనక నిలబడి, గొంతు తగ్గించి చెబుతున్న మాట ఇది: “రాత్రి పది దాటితే బాత్రూము కిటికీలోంచి ఆ పొగ వస్తోంది టీచర్ గారూ. తలుపులు వేస్తే ఉక్క, తీస్తే కంపు. పిల్లలు చదువుకోలేకపోతున్నారు. ఎవరితో చెప్పుకోవాలో తెలియడం లేదు.”

ఎవరితో చెప్పుకోవాలో తెలియకపోవడమే ఇందులో పెద్ద బాధ. పక్కవాళ్లను అడిగితే గొడవ. పోలీసులకు చెబితే పగ. ఊరుకుంటే పిల్లల ఆరోగ్యం. ఈ మూడింటి మధ్య నలిగిపోతున్న కుటుంబాల కోసం మాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాము. తర్వాత దాతలైన మీ ముందు మూడు విన్నపాలు ఉంచుతాము.

మన ఊరికి ఎలా వచ్చింది?

పాడేరు, చింతపల్లి, జి.మాడుగుల, గూడెం కొత్తవీధి, ముంచంగిపుట్టు మండలాల కొండవాలుల్లో ఏళ్ల తరబడి దొంగచాటుగా గంజాయి పండింది. అక్కడి ‘శీలావతి’ రకానికి బయటి రాష్ట్రాల్లో గిరాకీ ఎక్కువ. పెట్టుబడి, లాభం బయటి వ్యాపారులవి. కేసులు, జైలు గిరిజనులవి. 2021 చివర్లో పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో ఏడు వేల ఎకరాలకు పైగా పంటను నరికించారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు 2 లక్షల కిలోల సరుకును కుప్పలు పోసి తగలబెట్టారు. ఆ తర్వాత సాగు చాలావరకు ఒడిశా సరిహద్దు అవతలికి జరిగింది. కానీ సరుకు కొండ దిగి రైలు, హైవే ఎక్కే దారి మాత్రం ఇప్పటికీ మన మీదుగానే ఉంది. దారిలో కొంత ఊళ్లోనే చిన్న చిన్న పొట్లాలుగా విడిపోతుంది. కాలేజీ కుర్రాడి జేబు ఖర్చుకూ, దినకూలీ సంపాదనకూ అందే ధరకు దొరుకుతుంది.

పోర్టు, స్టీలు ప్లాంటు, ఫార్మా కంపెనీలు, కాలేజీలు ఉన్న ఊరు మనది. ఇళ్లకు దూరంగా, అద్దె గదుల్లో ఉండే కుర్రాళ్లు వేలమంది. వీధి చివర తాగితే పట్టుబడతారని గదిలో తాగుతున్నారు. మన అపార్ట్‌మెంట్లలో గోడకు గోడ, బాత్రూములన్నింటికీ కలిపి ఒకే డక్ట్. ఆ దారిన పొగ పై అంతస్తుల ఇళ్లలోకి వస్తోంది.

ఆ పొగ ఏం చేస్తుంది?

“సిగరెట్టు కాదు కదా, ఆకు కదా” అని కొందరు తేలిగ్గా తీసుకుంటారు. ఆకు కాలినా పొగ పొగే. గంజాయి పొగలోనూ తారు, కార్బన్ మోనాక్సైడ్, అమ్మోనియా, ఊపిరితిత్తుల లోపలికంటా వెళ్లే సన్నని రేణువులు ఉంటాయి. 2016లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఎలుకలకు ఒక్క నిమిషం ఈ పొగ చూపించి పరీక్షించారు. రక్తనాళాలు సాగే గుణం గంటన్నర దాటినా మామూలు కాలేదు. సిగరెట్టు పొగ అయితే అరగంటలో తేరుకున్నాయి. ఎలుకల మీద చేసిన పరీక్షే అయినా పిల్లల తల్లిదండ్రులు ఆలోచించవలసిన విషయమే. ఆయాసం ఉన్న పిల్లలకు ఏ పొగైనా శత్రువే. పాతనగరంలో హార్బరు బొగ్గు ధూళి పీల్చే పిల్లలకు ఇది అదనపు బరువు.

మరో భయం గురించి కూడా చెప్పాలి. “మా పిల్లలకు మత్తు ఎక్కుతుందా?” అని తల్లులు అడుగుతున్నారు. 2015లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు దీన్ని పరీక్షించారు. గాలి ఆడని గదిలో గంజాయి తాగేవాళ్లతోపాటు కూర్చోబెట్టిన వాళ్లకు కొద్దిగా మత్తు తెలిసింది. అదే గదిలో గాలి ఆడేలా చేస్తే తెలియలేదు. కాబట్టి పక్క ఫ్లాటు నుంచి వచ్చే వాసనతో పిల్లలు మత్తులో పడతారని హడలిపోనక్కరలేదు. దగ్గు, కళ్లమంట, ఆయాసం, తలనొప్పి, నిద్ర చెడడం వంటి ఇబ్బందులను మాత్రం పట్టించుకోవాలి.

ఇంట్లో వెంటనే చేయదగినవి కొన్ని ఉన్నాయి. పొగ వస్తున్నప్పుడు మన ఎగ్జాస్ట్ ఫ్యాను వేస్తే ఇంట్లోని గాలి బయటికి పోయి, ఆ ఖాళీలోకి పక్కింటి గాలే తలుపు సందుల్లోంచి వస్తుంది. అప్పుడు దాన్ని ఆపి, డక్ట్ వైపు కిటికీ మూసి, రెండోవైపు కిటికీ తీసి, బయటి గాలి లోపలికి వచ్చేలా టేబుల్ ఫ్యాను పెట్టాలి. గుమ్మం కింద తడి తువాలు వేయాలి. పైపుల చుట్టూ ఉన్న కంతలను సిమెంటుతో పూడ్పించాలి. ఊదు, సాంబ్రాణి, అగరొత్తులు వేస్తే వాసన మారుతుందే తప్ప పొగ తగ్గదు, ఇంకా పెరుగుతుంది. ఆయాసం ఉన్న పిల్లలను డక్ట్‌కు దూరంగా ఉన్న గదిలో పడుకోబెట్టాలి.

ధర్మం ఏం చెబుతోంది?

దివ్య ఖుర్ఆన్ మత్తును ఒక్కసారిగా నిషేధించలేదు. అల్ బఖరా సూరా 219వ ఆయతులో దాని లాభం కన్నా పాపమే ఎక్కువని హెచ్చరిక వచ్చింది. అన్‌నిసా 43లో మత్తులో నమాజు దరిదాపులకు రావద్దన్న ఆజ్ఞ వచ్చింది. చివరకు అల్ మాయిదా 90లో పూర్తి నిషేధం వచ్చింది. మత్తు కలిగించేది ఏదైనా సారాయితో సమానమేనని దైవప్రవక్త (స) బోధించారు. గంజాయి ద్రవం కాదు కాబట్టి నిషేధం వర్తించదన్న వాదనను ఉలమాలు శతాబ్దాల క్రితమే తోసిపుచ్చారు.

అలాగే పచ్చి వెల్లుల్లి, ఉల్లి తిన్నవారు ఆ వాసనతో మస్జిదుకు రావద్దని ప్రవక్త (స) ఆదేశించారు. హలాల్ తిండి వాసనతోనే పక్కన నిలబడిన మనిషిని ఇబ్బంది పెట్టకూడదంటే, హరామ్ పొగను పక్కింటి పిల్లల గుండెల్లోకి పంపడం ఎంత తప్పో ఆలోచించండి. పొరుగువారి హక్కు గురించి జిబ్రీల్ (అ) పదే పదే చెబుతుంటే, ఆస్తిలో కూడా పొరుగువారికి వాటా ఇప్పిస్తారేమో అనిపించిందని ప్రవక్త (స) అన్నారు.

ఈ హక్కు రెండువైపులా ఉంటుంది. అల్ హుజురాత్ సూరా 12వ ఆయతు అనుమానాలను, కూపీ లాగడాన్ని, చాటుమాటు నిందలను వారిస్తోంది. తాగుడు మానలేక పదే పదే శిక్షకు వచ్చిన ఒక వ్యక్తిని ఎవరో శపిస్తే, అతనికి అల్లాహ్ మీద, ఆయన ప్రవక్త మీద ప్రేమ ఉందంటూ ప్రవక్త (స) ఆ శాపాన్ని ఆపించారు. మన మెట్ల దగ్గర జరిగే గుసగుసలకు ఈ హదీసు సరైన జవాబు.

చట్టం ఏం చెబుతోంది?

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి తాగడమే నేరం. సెక్షన్ 27 కింద ఆరు నెలల వరకు జైలు, పది వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. దగ్గర ఉంచుకున్నది కిలో దాటితే శిక్ష పెరుగుతుంది. ఇరవై కిలోలు దాటితే కనీసం పదేళ్లు. ఇవి అందరికీ కొంత తెలిసినవే. తెలియనివి మూడున్నాయి.

మొదటిది, సెక్షన్ 64ఎ. మత్తుకు బానిసై, తాగినందుకో కొద్దిపాటి సరుకు ఉన్నందుకో కేసులో పడిన వ్యక్తి తానుగా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్సకు ఒప్పుకొని పూర్తి చేస్తే అతన్ని ప్రాసిక్యూట్ చేయరు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోతుంది. రెండవది, సెక్షన్ 68. సమాచారం ఎవరిచ్చారో చెప్పమని అధికారిని బలవంతం చేయడానికి వీల్లేదు. మూడవది, సెక్షన్ 25. తన ఇంట్లో ఇలాంటి నేరం జరుగుతోందని తెలిసీ ఒప్పుకున్న యజమాని కూడా శిక్షార్హుడే.

2024 నవంబరులో మన రాష్ట్ర ప్రభుత్వం ‘ఈగల్’ విభాగాన్ని ఏర్పాటు చేసింది. దాని టోల్‌ఫ్రీ నంబరు 1972. మత్తు మానాలనుకునేవారికి సలహా కోసం జాతీయ నంబరు 14446. ఈ రెండూ ప్రతి అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద ఉండాలి. అమ్మేవాడు ఉన్నాడని తెలిస్తే మొదటి నంబరు. తాగేవాడు మన మాట వినే స్థితిలో ఉంటే ముందు రెండవది. ఈ తేడా గుర్తుంచుకోవాలని మా మనవి.

ఒక అపార్ట్‌మెంట్‌లో జరిగింది

మా విద్యార్థిని ఒకమ్మాయి ఉంటున్న నాలుగంతస్తుల భవనంలో కింది ఫ్లాటు ముగ్గురు కుర్రాళ్లకు అద్దెకిచ్చారు. అమ్మాయికి ఆయాసం. ఇన్‌హేలర్ వాడకం రెట్టింపైంది. వాళ్ల నాన్నగారు తలుపు బాదడానికి సిద్ధమయ్యారు. మేము ఆపాము. ఒక ఆదివారం అసర్ తర్వాత, కుర్రాళ్లు మత్తులో లేని వేళ చూసి, ఆయన, భవనం ప్రెసిడెంటు గారు, మాలో ఇద్దరం కలిసి వెళ్లాము. గంజాయి అన్న మాట ఎత్తలేదు. “బాబూ, మీ బాత్రూము నుంచి వచ్చే పొగకు మా అమ్మాయికి ఊపిరి అందడం లేదు” అని ఆయన ఇన్‌హేలర్ చూపించారు. అంతే.

ఇద్దరు తలలు దించుకున్నారు. ఆ వారం నుంచి ఇంట్లో మానేశారు. మూడో అబ్బాయి మానలేకపోయాడు. నెల తర్వాత తనే ప్రెసిడెంటు గారి దగ్గరికి వచ్చి, “అంకుల్, మానేస్తే నిద్ర రావడం లేదు, చేతులు వణుకుతున్నాయి” అన్నాడు. శ్రీకాకుళం జిల్లా నుంచి వాళ్ల నాన్న వచ్చారు. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఓపీకి తీసుకెళ్దామంటే, “పిచ్చాసుపత్రికా?” అని ఆయన కన్నీళ్లు పెట్టుకున్నారు. అది మత్తు అలవాటుకు కూడా వైద్యం చేసే ఆసుపత్రి అని చెప్పి ఒప్పించడానికి రెండు గంటలు పట్టింది. ఆ అబ్బాయి మధ్యలో ఒకసారి మళ్లీ తాగాడు. మళ్లీ వెళ్లాడు. ఇప్పటికీ మందులు తీసుకుంటున్నాడు. అమ్మాయి మాత్రం కిటికీ తీసుకుని చదువుకుంటోంది.

అన్నిచోట్లా ఇలాగే జరుగుతుందని మేము చెప్పడం లేదు. ఎదురుతిరిగేవాళ్లు ఉంటారు. అమ్మేవాళ్లు ఉంటే మాటలతో పని కాదు, ఒంటరిగా వెళ్లనూ కూడదు. అప్పుడు తేదీ, సమయం రాసిపెట్టుకొని, అసోసియేషన్ ద్వారా యజమానికి లిఖితపూర్వకంగా తెలిపి, ఈగల్‌కు ఫోన్ చేయడమే మార్గం.

దాతలకు మా విన్నపాలు

ఒకటి: మీలో చాలామంది ఇళ్ల యజమానులు. అద్దె వసూలుతో మన పని అయిపోదు. ఒప్పంద పత్రంలో మత్తు పదార్థాలు నిషిద్ధమన్న షరతు రాయించండి. నెలకొకసారి వెళ్లి పలకరించండి. పైవారి ఫిర్యాదు వస్తే ఆ రోజే స్పందించండి. అయితే ఈ పేరుతో బ్రహ్మచారులందరికీ, ఒక ప్రాంతం వారందరికీ ఇల్లు లేదనకండి. పేరు విని ఇల్లు లేదనిపించుకోవడం ఎలా ఉంటుందో మనలో చాలామందికి అనుభవమే.

రెండు: ఒక చిన్న చికిత్సా సహాయ నిధి. ప్రభుత్వాసుపత్రిలో వైద్యానికి పెద్దగా ఖర్చు ఉండదు. పేదవాడిని ఆపుతున్నవి బస్సు చార్జీలు, పోయిన కూలి, తోడు ఉండే తల్లి భోజనం. అర్హుడైన పేద ముస్లిం కుటుంబానికి, ఉలమాల సలహాతో, జకాత్ సొమ్మును వారి చేతికే ఇవ్వవచ్చు. ఇతర మతాల పొరుగువారికి సదఖా నుంచి ఖర్చు పెట్టవచ్చు. పొరుగువారి హక్కుకు మతం అడ్డు కాదు.

మూడు: సాయంత్రాలు. పిల్లలు చెడిపోయే వేళ మగ్రిబ్‌కూ రాత్రి భోజనానికీ మధ్యే. మన ట్యూషన్ గదులను ఆ సమయంలో పెద్ద పిల్లలకు కూడా తెరుద్దాము. ఒక క్యారమ్ బోర్డు, ఒక వార్తాపత్రిక, మాట్లాడే ఒక పెద్దమనిషి ఉంటే చాలు. పాఠశాలల్లో ఏర్పడుతున్న ఈగల్ క్లబ్బులకు మేము మా వంతు చేస్తాము.

మన ఊళ్లో దర్గా కొండ, రాస్ హిల్, వెంకటేశ్వర కొండ పక్కపక్కనే ఉన్నాయి. హజ్రత్ ఇస్‌హాఖ్ మదీనా గారి దర్గాకు అన్ని మతాలవారూ మెట్లెక్కి వస్తారు. పొరుగుతనం విశాఖకు కొత్తగా నేర్పనక్కరలేదు. దాన్ని అపార్ట్‌మెంట్ మెట్ల దాకా తెచ్చుకుంటే చాలు.

మన పిల్లలకు స్వచ్ఛమైన గాలిని, దారి తప్పిన పిల్లలకు తిరిగి వచ్చే దారిని, మనకు మంచి పొరుగువారిగా ఉండే భాగ్యాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.

వస్సలాము అలైకుమ్.