తెల్లబరుస్తామన్న వాళ్లే రుజువు చూపాలి

(కల్వకుర్తిలో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కూలి రేట్లు, భూమి పట్టాలు, తాగునీరు ఇన్ని సమస్యలుండగా ముఖానికి రాసుకునే క్రీముల మీద మాట్లాడుకోవడమేమిటని మీలో కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ పత్తి చేనులో పొద్దంతా ఎండకు పనిచేసే ఆడపిల్ల తన కూలి డబ్బుల్లోంచి తెల్లబడే క్రీము కొనుక్కుంటోంది. రంగు తక్కువైతే కట్నం ఎక్కువడుగుతారన్న భయం ఆమె చేత ఆ ఖర్చు పెట్టిస్తోంది. అందుకే ఇది మన హక్కుల సమస్య.

ఈ ప్రకటనల్లో రెండు హామీలుంటాయి. మొదటిది చర్మం గురించి: ఇన్ని వారాల్లో తెల్లబడతావు. రెండోది బతుకు గురించి: తెల్లబడితే ఉద్యోగం వస్తుంది, సంబంధం కుదురుతుంది. మొదటిదాన్ని పరీక్షించి తేల్చవచ్చు. రెండోదాన్ని ఏ ప్రయోగశాలా తేల్చలేదు. కులమూ పితృస్వామ్యమూ కలిసి మనలో నాటిన న్యూనతను ఆ హామీ సొమ్ము చేసుకుంటుంది.

ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో మన మార్కెట్లోకి వచ్చింది. దాని ప్రకటనలు స్త్రీలను కించపరుస్తున్నాయని 2002లో అఖిల భారత ప్రజాస్వామ్య మహిళా సంఘం జాతీయ మానవ హక్కుల కమిషన్ దాకా వెళ్లింది. 2003లో కంపెనీ రెండు ప్రకటనలను ఆపేయాల్సి వచ్చింది. నల్లగా ఉన్నవాళ్లను దిగులుగా, ఎందుకూ పనికిరాని వాళ్లుగా చూపరాదని 2014లో ప్రకటనల ప్రమాణాల మండలి నియమం పెట్టింది. 2020లో ఆ క్రీము పేరు గ్లో అండ్ లవ్లీగా మారింది. ఇది స్త్రీల ఉద్యమాలు సాధించిన విజయమే. అయితే ఇక్కడొక చిక్కుంది. తెలుపునైతే యంత్రంతో కొలవవచ్చు. ‘కాంతి’ని, ‘మెరుపు’ను దేనితో కొలుస్తాం? మాట ఎంత అస్పష్టంగా ఉంటే రుజువు నుంచి తప్పించుకోవడం అంత తేలిక.

2013లో ఢిల్లీలో ఒకతను 79 రూపాయలు పెట్టి ఇమామీ వారి ఫెయిర్ అండ్ హ్యాండ్సమ్ కొన్నాడు. చెప్పినట్టే వాడినా తెల్లబడలేదని కేసు వేశాడు. క్రీము ఒక్కటే చాలదు, సరైన తిండి, వ్యాయామం, మంచి అలవాట్లు కూడా ఉండాలని కంపెనీ వాదించింది. మరి ఆ సంగతి డబ్బా మీద ఎందుకు రాయలేదన్నది ఫోరం పట్టుకున్న అంశం. 2024 డిసెంబరులో ఫోరం ఇది అనుచిత వ్యాపార పద్ధతేనని తేల్చింది. వినియోగదారుల సంక్షేమ నిధికి 14.5 లక్షలు, ఫిర్యాదుదారుకు 50 వేలు కట్టమంది. పదకొండేళ్లు పట్టింది. ఒంటరి ఆడపిల్ల ఇన్నేళ్లు తిరగలేదు. సంఘం తిరగగలదు.

రుజువంటే ఏమిటి? ‘నూటికి తొంభై మంది ఒప్పుకున్నారు’ అంటే అది అభిప్రాయమే. ఎంతమందిని అడిగారు, ఎవరి డబ్బుతో అడిగారు అని మనం నిలదీయాలి. అసలు పరీక్షలో కొందరికి ఆ క్రీము, కొందరికి మందు లేని మామూలు క్రీము ఇస్తారు. ఎవరికేది అందిందో రాసుకునేవాళ్లకూ కొలిచేవాళ్లకూ తెలియనివ్వరు. నీడపట్టున ఉండే వాళ్ల మీద వచ్చిన ఫలితాన్ని ఎండలో పనిచేసే మన మీద రుద్దకూడదు. ముందూ వెనకా ఫోటోలు చూపిస్తే రెండింటికీ వెలుతురు ఒకటేనా అని అడగాలి.

తొందరగా తెల్లబరిచే వాటితో ఇంకా ప్రమాదం. మంగు పోతుందని చీటీ లేకుండా కొనే కొన్ని ట్యూబుల్లో స్టెరాయిడ్లుంటాయి. మొదట్లో మొహం తేటపడుతుంది. పోనుపోను చర్మం పలచబడుతుంది, ఎర్రబడుతుంది, మొటిమలూ వెంట్రుకలూ వస్తాయి. మానేస్తే మంట. 2018లో ప్రభుత్వం ఇలాంటి 14 మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదంది. కొన్ని దొంగ క్రీముల్లో పాదరసం ఉంటుంది. కేరళలోని కొట్టక్కల్‌లో 2021 జూలై, 2023 సెప్టెంబరు మధ్య ఒక రకం కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిని వైద్యులు పరిశీలించారు. వారిలో 15 మందికి ఆ జబ్బులో అరుదైన రకం ఉన్నట్టు తేలింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినవాళ్లే.

చట్టం మన పక్షాన కొంత ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షలు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. ఆ ప్రకటనలో నటించిన తారలకు కూడా ఇది వర్తిస్తుంది. 5 లక్షల లోపు కొనుగోలుకు కమిషన్‌లో ఫీజు లేదు. మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. 1915కు ఫోన్ చేసినా సలహా చెబుతారు.

కాబట్టి మిత్రులారా, కంగన్ హాల్లో కొన్నా, మెడికల్ షాపులో కొన్నా బిల్లు అడగండి. ఖాళీ డబ్బా, ట్యూబు పారేయకండి. తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబరు లేనిది ముఖానికి తాకనివ్వకండి. మొహం పాడైన ఆడపిల్లను ‘నిన్నెవరు రాసుకోమన్నారు’ అని గద్దించకండి, ఆమెను చర్మ వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. వచ్చే సమావేశానికి ప్రతి ఊరి నుంచీ బిల్లులు, డబ్బాలు, ప్రకటనల కాగితాలు తీసుకు రండి. అందరం కూర్చుని, ప్రతి హామీకీ రుజువు చూపమని కంపెనీలకు ఉత్తరాలు రాద్దాం. జవాబు రాకపోతే ఫిర్యాదులు సంఘం పేరుతోనే వేద్దాం.