భయం నుంచి మందు దాకా: తెలుగునాట హెచ్‌ఐవీ ప్రచారం నడిచిన దారి

(డాక్టర్ సునీతి సోలమన్ స్మృతిలో చేసిన ప్రసంగ పాఠం)



మన కోస్తా జిల్లాల్లో హెచ్‌ఐవీ మీద మళ్లీ పెద్ద ఎత్తున ప్రచారం చేపట్టాలని ఇక్కడున్న వైద్యులు, కౌన్సిలర్లు, స్వచ్ఛంద సంస్థలవాళ్లు సంకల్పించారు. ఆ పని మొదలయ్యే ముందు డాక్టర్ సునీతి సోలమన్‌ను తలుచుకోవాలనుకోవడం ఎంతో సముచితంగా ఉంది. ఇదివరకు జనానికి ఏం చెప్పాం, ఆ మాట విన్నవాళ్ల బతుకుల్లో ఏం జరిగింది అన్నది చూడకుండా కొత్త పోస్టరు అచ్చు వేయకూడదని నా గట్టి నమ్మకం.

కథ మద్రాసులో మొదలవుతుంది. అమెరికాలో 1981లో బయటపడ్డ ఎయిడ్స్ మన దేశానికి రాదనీ, మన కట్టుబాట్లే మనకు రక్షణ అనీ పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా అనుకుంటున్న కాలం. మద్రాసు మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ బోధిస్తున్న సునీతి, పరిశోధనాంశం కోసం వెతుకుతున్న తన విద్యార్థిని సెల్లప్పన్ నిర్మలను హెచ్‌ఐవీ వైపు మళ్లించారు. నిర్మల సెక్స్ వర్కర్లను వెతుక్కుంటూ వెళ్లి, చేతికి గ్లవుజులైనా లేకుండా రక్త నమూనాలు తీశారు. దాచడానికి సరైన చోటు లేక ఇంట్లో ఫ్రిజ్‌లోనే పెట్టుకున్నారు. 1986 ఫిబ్రవరిలో భర్తను తోడు తీసుకుని ఆ నమూనాలతో రైలెక్కి వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి (సీఎంసీ) వెళ్లారు. అక్కడి పరీక్షల్లో ఆరు నమూనాలు పాజిటివ్ అని తేలాయి. మే నెలలో ఆ సంగతి తమిళనాడు శాసనసభలో ప్రకటించారు.

ఆ ప్రకటనతో దేశం ఉలిక్కిపడింది. కానీ ఆ ఉలికిపాటు వ్యాధిగ్రస్తుల మీదకే తిరిగింది. 1989లో గోవాలో డొమినిక్ డిసౌజా అనే యువకుడు, క్రమం తప్పకుండా రక్తదానం చేసే మనిషి, పాజిటివ్ అని తేలగానే పోలీసులు పట్టుకెళ్లారు. పాత క్షయ ఆసుపత్రిలో 64 రోజులు ఒంటరిగా ఉంచారు. అప్పటి ప్రజారోగ్య చట్టం అందుకు వీలిచ్చింది. మన గోడల మీద తొలినాళ్లలో కనబడ్డ పుర్రె బొమ్మలు, ఎయిడ్స్ అంటే చావే అన్న రాతలు కూడా ఆ భయంలోంచి పుట్టినవే. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) ఏర్పడి, జాతీయ కార్యక్రమం మొదలైన తర్వాత కూడా ఆ ధోరణి చాలాకాలం పోలేదు. భయపెడితే జనం జాగ్రత్తపడతారని రాసినవాళ్లు అనుకున్నారు. జనం పరీక్షకు రావడం మానుకున్నారు. పరీక్ష చేయించుకుంటే దొరికేది చావు కబురేనని గోడే చెబుతుంటే ఎవరొస్తారు? పాజిటివ్ వచ్చినవాళ్లకు కంచం, గ్లాసు విడిగా పెట్టారు. శవానికి స్నానం చేయించడానికి మనిషి దొరకని ఇళ్లు ఉన్నాయి. ఆ పుర్రె బొమ్మ చేసిన హాని ఇంకా పూర్తిగా తీరలేదని నేను అనుకుంటున్నాను.

వేరే దారి కలకత్తాలో కనబడింది. 1992లో సోనాగాచ్చిలో డాక్టర్ స్మరజిత్ జానా, అక్కడి మహిళలనే కార్యకర్తలుగా తీసుకుని పని మొదలుపెట్టారు. పోలీసుల వేధింపులు, పిల్లల చదువు, వడ్డీ వ్యాపారుల పీడ, ఇవన్నీ ఆ మహిళలు ముందుకు తెచ్చిన విషయాలు. కండోమ్ మాట వీటి నడుమే నిలిచింది. విటుణ్ణి కాదనగలిగే బలం చేతికి వచ్చాకే ఆ సలహాకు అర్థం ఏర్పడింది. 2003 నుంచి ఆవాహన్ కార్యక్రమం మన రాష్ట్రంలోనూ ఇలాంటి పద్ధతినే విస్తరించింది. చదువురాని పీర్ కార్యకర్తలు బొమ్మల షీటు మీద గుర్తులు పెట్టుకుంటూ ఎవరిని కలిశారో, ఎవరికి కండోమ్‌లు చేరలేదో లెక్క చూసుకునేవారు. ఏ సెంటర్లో ఏ వేళ ఎవరు నిలబడతారో వాళ్లకు తెలిసినంతగా ఏ అధికారికీ తెలియదు.

అదే కాలంలో మన ఊళ్లలో ఒక ప్రశ్న వెలిసింది. పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా? బస్టాండు దగ్గర, కూడళ్లలో హోర్డింగు మీద అంతే, ఆ ఒక్క ముక్కే. సినిమా పేరనుకున్నవాళ్లున్నారు. ఎవరీ పులిరాజా అని టీకొట్టు దగ్గర వాదనలు జరిగాయి. దీని ముందుమాట బొంబాయిది. 2002 చివర్లో అక్కడ బల్బీర్ పాషా పేరుతో ఇలాంటి ప్రశ్నే గోడలెక్కింది. తాగిన మత్తులో కండోమ్ మరిచిపోవడం, చూడటానికి ఆరోగ్యంగా ఉన్న మనిషికి జబ్బు ఉండదనుకోవడం, ఒకే మనిషి దగ్గరికి వెళ్తున్నాను కాబట్టి ఫరవాలేదనుకోవడం, ఇలా మగవాడు తనకు తాను చెప్పుకునే సాకులను ఆ ప్రచారం ఒక్కొక్కటిగా ఎత్తి చూపింది. అంతకుముందు నోరెత్తని విషయం పులిరాజాతో ఇక్కడ ఇంటింటి మాటైంది. అది చిన్న విజయం కాదు. అయితే ఒకటి చెప్పాలి. పులిరాజా ఎవరని అడిగినవాళ్లలో ఎక్కువమంది పక్కవాణ్ణి చూసి నవ్వారు. ప్రశ్న తమదాకా వచ్చిందని అనుకోలేదు.

ఆ ప్రశ్న వినపడని చోట ఇంకో కథ నడుస్తోంది. 2002 ప్రాంతం నుంచి గర్భిణులకు పరీక్ష చేసి, కాన్పు సమయంలో తల్లికీ, పుట్టాక బిడ్డకూ నెవిరపిన్ మందు ఇవ్వడం మొదలైంది. బిడ్డను కాపాడుకోవచ్చన్న మాట అంగన్‌వాడీలో చెబితే తల్లులు నమ్మారు, వచ్చారు. అక్కడే చిక్కు వచ్చింది. ఇంట్లో మొట్టమొదట పరీక్ష జరిగింది కోడలికి. కాగితం మీద పాజిటివ్ అని మొదట పడింది ఆమె పేరు పక్కన. భర్త ఎన్నడూ సూది గుచ్చించుకోలేదు కాబట్టి జబ్బు ఈమే తెచ్చిందని అత్తింటివాళ్లు తేల్చేశారు. భర్త పోయాక పసిబిడ్డతో పుట్టింటికి చేరిన ఆడపిల్లలు గోదావరి, కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎందరో. భర్తను కూడా వెంటబెట్టుకుని రమ్మని మొదటి రోజునుంచీ గట్టిగా చెప్పి ఉంటే, ఆయన కూర్చోవడానికి కౌన్సిలర్ గదిలో ఇంకో కుర్చీ వేసి ఉంటే, ఆ కాగితం ఇద్దరిదీ అయ్యేది. ప్రచారం రాసినవాళ్లకు ఆ ఇల్లు కళ్లకు కట్టలేదు.

గుంటూరు జిల్లా గురించి ఇంకో మాట. హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ పరిశోధకులు లలిత్ దండోనా ఆధ్వర్యంలో ఇంటింటికీ వెళ్లి రక్త పరీక్షలు చేస్తే, ఆసుపత్రులకు వచ్చేవారి లెక్కలతో వేసిన అంచనా అసలు కంటే రెండు మూడు రెట్లు ఎక్కువని తేలింది. మూడో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఫలితాల తర్వాత 2007లో దేశం మొత్తం అంచనాను యాభై లక్షల పైనుంచి పాతిక లక్షలకు తగ్గించారు. అయినా ఆ సర్వేలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పెద్దల్లో దాదాపు నూటికి ఒకరు పాజిటివ్. అంకె తగ్గినంత మాత్రాన మన బాధ్యత తగ్గలేదు.

అసలు మలుపు 2004 ఏప్రిల్ 1న వచ్చింది. ఆరోజు నుంచి ప్రభుత్వం హెచ్‌ఐవీని అదుపు చేసే ఏఆర్‌టీ (యాంటీ రెట్రోవైరల్) మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మొదట్లో రక్తంలోని రోగనిరోధక సీడీ4 కణాలు 200 కంటే తగ్గితేనే మందు ఇచ్చేవారు. పరీక్షకు రా అని పిలిచి, ఇంకా నీకు మందు లేదు, బాగా చిక్కిపోయాక రా అని పంపాల్సిన రోజులవి. ఆ హద్దు మెల్లగా పెరిగి, 2017లో తొలగిపోయింది. పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ మందు అనే విధానం వచ్చింది. మందు సరిగ్గా వాడి, వైరస్ పరీక్షలో కనబడనంతగా తగ్గి, ఆ స్థితి నిలబడితే లైంగికంగా అవతలి మనిషికి సోకదు. ఇది రుజువైన విషయం. మన దగ్గర ఉన్న కబుర్లలో ఇంతకు మించిన మంచి కబురు లేదు. ఊళ్లలో మాత్రం ఇంకా దాదాపు ఎవరికీ తెలియదు. నేను చూసిన ఒక తల్లి, సొంత ఊరి ఆసుపత్రి వదిలి రెండు బస్సులు మారి పక్క జిల్లా ఏఆర్‌టీ సెంటర్‌కు వస్తుంది. బస్సెక్కే ముందు మందు సీసా మీది కాగితం గీకేసి, మాత్రలను పసుపు డబ్బాలో పోసుకుంటుంది. మందు ఆమెను కాపాడుతోంది. మందు ఉన్న సంగతి ఎవరికంటా పడకుండా ఆమె మందును కాపాడుతోంది.

ఇప్పుడు మీరు చేయబోయే ప్రచారానికి వస్తాను. పులిరాజా హోర్డింగు చూడని తరం ఒకటి పెద్దదైంది. వాళ్లకు భయం తెలియదు, మందు సంగతీ తెలియదు. వాళ్లను సెల్‌ఫోనులో కలవాలి. వలస కూలీలను రైల్వే స్టేషన్లో, లారీ డ్రైవర్లను హైవే దాబాల్లో, మహిళలను డ్వాక్రా సంఘంలో కలవాలి. మాట చెప్పేది వీలైనంతవరకు మందు వాడుతూ ఆరోగ్యంగా ఉన్న మనిషే అయితే బాగుంటుంది. ముఖం చూపాలా వద్దా అన్నది మాత్రం వాళ్లిష్టం. వివక్షను నిషేధించి, పరీక్ష వివరాల గోప్యతను హక్కుగా నిలబెట్టిన 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. 1097 నంబరుకు ఎవరైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. ఈ రెండూ ప్రతి పోస్టరు మీద ఉండాలి.

కానీ పోస్టరు ప్రింటింగుకు ఇచ్చే ముందు మీరంతా మీమీ మండలాల పరీక్ష కేంద్రాలకు ఒకసారి వెళ్లి రండి. కౌన్సిలర్ గదికి తలుపు ఉందా, వరండాలో కూర్చున్నవాళ్లకు లోపలి మాట వినపడుతోందా చూడండి. కిట్లు, మందులు ఎన్ని నెలలకు సరిపడా ఉన్నాయో రిజిస్టరు అడగండి. రోజుకూలీ పోగొట్టుకోకుండా వచ్చేందుకు ఆదివారం ఉదయమో, సాయంత్రం వేళో కేంద్రం తెరిచి ఉంచగలరేమో అడిగి, సరేనన్న కేంద్రం పేరూ, వేళా పోస్టరు మీద పెద్దక్షరాల్లో వేయించండి.